అంకె అడిగితే ఆధారం చూపాలి!

సింగరాయకొండలో డిగ్రీ చదువుతున్నారా? డేటా అనలిస్ట్‌ కొలువుకు రెజ్యూమెలో చూపడానికి ప్రాజెక్టు లేదా? కరోనా లెక్కలతో మొదలుపెట్టండి.

2020 మార్చిలో కొందరు వాలంటీర్లు ‘కొవిడ్‌19ఇండియా’ వెబ్‌సైట్‌ ప్రారంభించారు. రాష్ట్రాల బులెటిన్లు సరిచూసి, జిల్లాలవారీగా కేసులు నమోదు చేసేవారు. 2021 అక్టోబరు 31తో అప్‌డేట్లు ఆపేశారు. ఆ డేటాను ఎవరైనా వాడుకోవచ్చు.

అందులోంచి ప్రకాశం జిల్లా అంకెలు తీసుకోండి.

* నేటి మొత్తంలోంచి నిన్నటిది తీసేస్తే కొత్త కేసులు. మైనస్‌ వచ్చిందా? చెరిపేయొద్దు. సవరణేమో ఆ రోజు బులెటిన్‌లో చూడండి.

* 2021 జూన్‌లో బిహార్‌ దాదాపు 4 వేల పాత మరణాలను ఒకేసారి కలిపింది. అవన్నీ ఆ ఒక్కరోజువే అనుకుంటే గ్రాఫ్‌ తప్పినట్టే.

* 2022 ఏప్రిల్‌ 4న జిల్లాల హద్దులు మారాయి. మన పక్కనున్న కందుకూరు నెల్లూరు జిల్లాలో కలిసింది. పాత ప్రకాశం కేసులను కొత్త హద్దుల జనాభాతో భాగిస్తే రేటు ఉన్నదానికన్నా ఎక్కువగా కనిపిస్తుంది.

ప్రతి సవరణకూ తేదీ, కారణం, ఆధారం రాసిపెట్టుకోండి. ‘ఈ అంకెను ఎందుకు నమ్మాలి?’ అని ఇంటర్వ్యూలో అడిగితే, గ్రాఫ్‌ కన్నా ముందు ఆ నోట్సే చూపండి.