పత్తి పోగులో హూప్ స్ట్రెస్

నరసరావుపేటైనా, మాచర్లైనా మా పల్నాడులో పత్తి బేరం అంటే రెండే ప్రశ్నలు: తేమ ఎంత, పింజ ఎంత? పింజ అంటే పోగు పొడవు. 2024-25 మద్దతు ధర చూడండి. మధ్యరకం పింజకు క్వింటా 7121 రూపాయలు, పొడవు పింజకు 7521. సుమారు 5 మిల్లీమీటర్ల తేడాకి 400 రూపాయలన్నమాట!

ఈ మిల్లీమీటర్ల లెక్క కణం లోపలి సైటోస్కెలిటన్ చేతిలో ఉంది.

ఒక్కో పత్తి పోగు ఒకే ఒక్క కణం. గింజ పైతొక్కలోని ఆ కణం పువ్వు విచ్చిన రోజు నుంచి దాదాపు మూడు వారాల్లో 3 సెంటీమీటర్ల దాకా సాగుతుంది. వెడల్పు మాత్రం మిల్లీమీటరులో యాభయ్యో వంతు దగ్గరే ఆగిపోతుంది. దాన్ని సాగదీసేది లోపలి నీటి ఒత్తిడి.

ఇక్కడ మన థిన్ సిలిండర్ పాఠం గుర్తు తెచ్చుకోండి. లోపల ఒత్తిడి ఉంటే హూప్ స్ట్రెస్, లాంగిట్యూడినల్ స్ట్రెస్‌కి రెట్టింపు. కణం గోడ అన్ని దిశల్లో ఒకే బలంతో ఉంటే పోగు సాగదు, బుడగలా ఉబ్బుతుంది. ఉబ్బట్లేదంటే చుట్టూ కట్లు ఉన్నాయన్నమాట, బండి చక్రానికి ఇనప పట్టాలాగా.

ఆ కట్లు సెల్యులోజ్ దారాలు. వాటి దిశను చూపేవి మైక్రోట్యూబ్యూల్స్: ట్యూబ్యులిన్ ప్రోటీన్ ముక్కలతో పేర్చిన 25 నానోమీటర్ల గొట్టాలు. ఇవి కణం పొరకి లోపలివైపు అడ్డంగా పరుచుకుంటాయి. సెల్యులోజ్ నేసే ఎంజైములు రైలు పట్టాల మీద వెళ్లినట్టు వాటి వెంటే కదులుతూ బయట దారం వదులుతాయి. గోడకి కావాల్సిన సరుకు సంచుల్ని మోసే దారులు మాత్రం యాక్టిన్ తీగలు, 7 నానోమీటర్లవి.

1962లో పాల్ గ్రీన్ నైటెల్లా అనే నాచు కణాలకి కొల్చిసిన్ పెట్టి చూశాడు. అది ట్యూబ్యులిన్‌ని పేర్చుకోనివ్వని మందు. పొడవు పెరగాల్సిన కణాలు ఉబ్బిపోయాయి. మరుసటి ఏడే లెడ్‌బెటర్, పోర్టర్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో మొక్క కణాల్లోని ఆ గొట్టాలని చూపించారు. 2006లో ఎంజైములు వాటి వెంట కదలడం అరబిడాప్సిస్ మొక్కలో నేరుగా కెమెరాకి చిక్కింది.

పొడవు పెరిగే దశ దాటాక పోగులో గొట్టాలు ఏటవాలుగా తిరుగుతాయి, సెల్యులోజ్ మందంగా పేరుకుంటుంది. పండిన పోగులో 90 శాతానికి పైగా అదే. ఇక ఎంత నీరు పెట్టినా పొడవు రాదు. అందుకే కాయ పట్టిన తొలి మూడు వారాల్లో బెట్ట వస్తే పింజ పొట్టిదవుతుంది. సాగర్ కుడి కాలువ చివరి పొలాల రైతు సరిగ్గా ఆ రోజుల్లోనే ఒక్క తడి కోసం ఎందుకు తిరుగుతాడో ఇప్పుడు లెక్క కట్టి మరీ చెప్పొచ్చు.