గొంతులో ఆగే మాట

మా రాత్రి బడికి ఒక కోయ అవ్వ వచ్చేది. ఒకరోజు వాళ్ళ ఇంటి మాట ఒకటి చెప్పింది. నేను బోర్డు మీద రాసి చదివాను. అవ్వ తల అడ్డంగా ఊపింది.

"అది మా మాట కాదు పంతులమ్మా. గబగబా అనేశావు. నడుమ ఆగాల" అంది.

నాలుగుసార్లు రాశాను. నాలుగుసార్లూ తప్పే. తప్పు అవ్వది కాదు. నాకు వచ్చిన అక్షరాల్లో ఆ శబ్దానికి గుర్తు లేదు.

ఏమిటా శబ్దం? పసిపిల్ల పొయ్యి దగ్గరికి పోతే "అ-అ!" అంటాం కదా. ఆ రెండు 'అ'ల నడుమ గొంతు చిటికెసేపు మూసుకుంటుంది. గాలి ఆగి మళ్ళీ వస్తుంది. గొంతు మీద వేలు పెట్టి మీరూ అని చూడండి. తెలుగులో ఇది అక్షరం కాదు. కోయలో కొన్ని మాటలకు ఇది కావాలి.

ఇంకొకటి చూడండి. ఎవరికన్నా కష్టం వస్తే నాలుకతో "చ్చ్ చ్చ్" అని చప్పరిస్తాం. ఎడ్లను తోలేటప్పుడు "టక్ టక్" అంటాం. మనకు అవి ఉత్త చప్పుళ్ళు. ఆఫ్రికా దక్షిణాన జులూ, ఖోసా భాషల్లో అలాంటి చప్పుళ్ళే మాటల్లో కలిసి వస్తాయి. అక్కడే 'నూ' అనే భాష ఉంది. అది మాట్లాడేవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మందికి వచ్చారు. 1933లో పుట్టిన కత్రినా ఎసావు అనే పెద్దమ్మ ఊరుకోలేదు. తన ఇంటి దగ్గరే పిల్లలకు ఆ భాష నేర్పింది. ఆమె చెప్పిన తాబేలు, నిప్పుకోడి కథ 2021లో పుస్తకంగా అచ్చయింది.

ఒక భాష శబ్దాలను ఎలా రాసిపెడతారు?

మొదట ఆ భాష బాగా వచ్చిన పెద్దలను అడుగుతారు. వాళ్ళు ఒప్పుకుంటేనే పని మొదలు. ఒంటి భాగాలు, చుట్టాలు, చెట్లు, పనిముట్ల పేర్లు చెప్పించుకుంటారు. ఒక్కో మాట రెండు మూడుసార్లు చెప్పించి రికార్డు చేస్తారు. పెదవులు ఎలా కదిలాయో చూస్తారు.

తరువాత జత మాటలు వెతుకుతారు. కూడు, గూడు. వీటిలో మొదటి శబ్దం ఒక్కటే మారింది. అర్థం అంతా మారిపోయింది. కాబట్టి తెలుగులో 'క' వేరు, 'గ' వేరు. ఇలా జతజతగా చూసి ఆ భాషలో ఎన్ని శబ్దాలున్నాయో తేలుస్తారు.

చివరకు ఒక్కో శబ్దానికి ఒక గుర్తు పెడతారు. అన్ని భాషలకూ పనికొచ్చే గుర్తుల పట్టిక 1888లో మొదటిసారి అచ్చయింది. నేటి పట్టికలో అవ్వ చెప్పిన గొంతు శబ్దానికీ గుర్తు ఉంది. అది ప్రశ్న గుర్తులా ఉంటుంది. కింద చుక్క ఉండదు.

స్టీఫెన్ టైలర్ అనే అమెరికా పండితుడు కోయ భాష వ్యాకరణం రాశాడు. అది 1969లో వచ్చింది. 2004లో మన రాష్ట్రంలో కోయతో కలిపి ఎనిమిది గిరిజన భాషల్లో పిల్లలకు చదువు మొదలుపెట్టారు. వాచకాలు తెలుగు లిపిలోనే వేశారు.

కోయ తెలుగుకు చుట్టమే. కోయలో 'ఏరు' అంటే నీళ్ళు. 'లోను' అంటే ఇల్లు. 2011 జనాభా లెక్కల్లో కోయ మా భాష అన్నవారు 4 లక్షలు దాటారు. మరి భయం ఎందుకు?

తల్లి బిడ్డతో ఆ భాష మాట్లాడడం మానిన రోజునే భాషకు జబ్బు మొదలవుతుంది. బడిలో తెలుగు, సంతలో తెలుగు, ఆసుపత్రిలో తెలుగు. పోలవరం ముంపుకు ఊళ్ళు లేచిపోయి, ఒక్కచోట ఉన్నవాళ్ళు చెదిరిపోతున్నారు. అవ్వకు తెలిసిన దుంపల పేర్లు, ఆకుల పేర్లు మనవరాలికి తెలియవు. పేరు మరిచిపోతే ఏ ఆకు ఏ నొప్పికో కూడా మరిచిపోతాం. తెలుగు నేర్చుకోవాలి, నిజమే. దానికోసం ఇంటి మాట వదలనక్కరలేదు.

మరునాడు అవ్వ మాటను మళ్ళీ రాశాను. ఆగే చోట ఒక చిన్న గీత పెట్టాను. అవ్వ వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివింది. గీత దగ్గర ఆగింది.

"ఆఁ, ఇప్పుడు మా మాట అయింది" అని నవ్వింది.

అక్కలారా! ఈ రాత్రి మీ అమ్మనో అత్తనో కూర్చోబెట్టి అడగండి. మీ పిల్లలకు తెలియని పాత మాటలు పది రాయండి. అక్షరం దొరకని చోట గీత పెట్టండి. ఆ పది మాటలూ పిల్లల చేత పలికించండి.