శిశుసంక్షేమ పర్యవేక్షణ: ఉద్యోగము, దాని బాధ్యత

పట్టపరీక్షల ఫలితములు వెలువడు దినములలో ప్రతి యింటను ఒకే చర్చ జరుగుచుండును. అమ్మాయి ఇక నేమి చదువవలెను, ఏ ఉద్యోగమునకు దరఖాస్తు పెట్టవలెను అని. బ్యాంకు, బడి, కంప్యూటరు కంపెనీ, ఈ మూడింటిని దాటి మాట సాగుట అరుదు. శిశుసంక్షేమశాఖ పేరు వినిపించినను, ‘అంగన్వాడీలో గ్రుడ్లు పంచు పని కదా’ యని తేలికగా కొట్టివేయువారే పెక్కుమంది. ఆ గ్రుడ్డు ఏ బిడ్డకు చేరవలెనో, చేరినదో లేదో, చేరిన పిమ్మట ఆ బిడ్డ పెరుగుచున్నదో లేదో చూచువారొకరు వలయును. ఆ చూచు పనికే పర్యవేక్షణమని పేరు. ఈ వ్యాసమున మేము ప్రధానముగా ఆ పనిని గూర్చియే చెప్పదలచినాము.

పేరు ఎట్లు వచ్చినదో ముందు తెలిసికొనుట మంచిది. మహారాష్ట్ర సముద్రతీరమున బోర్డీ అను గ్రామములో 1945లో తారాబాయి మోదక్, అనుతాయి వాఘ్ గారలు పసిపిల్లల బడి నొకదానిని ఆరంభించిరి. పేదపిల్లలు బడికి రాకపోవుటచే బడినే వారి వాకిళ్లకు తీసికొనిపోయిరి. అంగనమనగా ముంగిలి. అంగన్వాడీ యను మాట అట్లు పుట్టినది. తరువాత 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి ఏర్పడినపుడు దానికి మొదటి అధ్యక్షురాలైనది మన రాజమహేంద్రవరమున జన్మించిన దుర్గాబాయి దేశముఖ్ గారు. 1937లోనే మద్రాసున ఆంధ్ర మహిళాసభను నెలకొల్పిన అనుభవము ఆమెకు కలదు. 1974లో జాతీయ బాలల విధానము ప్రకటితమైనది. మరుసటి యేడు అక్టోబరు 2వ తేదీన సమగ్ర శిశు అభివృద్ధి సేవా పథకము దేశమంతటను 33 ప్రాజెక్టులతో ఆరంభమైనది. నేడు దేశమున 13 లక్షలకు పైగా అంగన్వాడీ కేంద్రములు కలవు.

ఏర్పాటు ఇట్లుండును. 400 మొదలు 800 వరకు జనాభాకు ఒక కేంద్రము. అందొక టీచరు, ఒక ఆయా. సుమారు 25 కేంద్రములు కలిసి ఒక సెక్టారు. సెక్టారునకు ఒక సూపర్వైజరు. పూర్వము ఈమెనే ముఖ్యసేవిక యనెడివారు. కొన్ని సెక్టారులు కలిసిన ప్రాజెక్టునకు సి.డి.పి.ఓ. అని అందరు పిలుచు అధికారి. ఆపైన జిల్లా అధికారి, రాష్ట్ర డైరెక్టరేటు, అన్నింటికి పైన ఢిల్లీలో 2006లో ప్రత్యేక మంత్రిత్వశాఖగా రూపొందిన మహిళా శిశు అభివృద్ధి శాఖ. ఈ నిచ్చెనపై పైకి పోవునది లెక్క. క్రిందికి దిగునది ఉత్తరువు. బిడ్డను కన్నులార చూడగలిగిన వారిలో పైమెట్టున నున్నది సూపర్వైజరే. ఆమెకు పైనున్నవారు చూచునది చాలవరకు కాగితమును మాత్రమే. కనుక ఆమె సంతకమైన పిమ్మట ఆ లెక్కను మరల త్రాసు పట్టి సరిచూచువారు దాదాపు ఉండరు.

ఆ లెక్కలలో ముఖ్యమైనది తూకము. బిడ్డను తూచుట కంటె సులభమైన పని ఏమున్నదని తోచవచ్చును. పని తెలిసినవారు అట్లనరు. వ్రేలాడు త్రాసున బిడ్డను కూర్చుండబెట్టుటకు ముందు, సంచి తగిలించి యుండగానే ముల్లును సున్నకు తేవలెను. చలికాలపు స్వెట్టరు, కాళ్ల కడియములు, మొలత్రాటికి కట్టిన తాయెత్తు, ఇవన్నియు తూకమునకు ఎక్కును. రెండేండ్లు నిండని బిడ్డ పొడుగును పరుండబెట్టి కొలువవలెను. నిండినవానిని నిలువబెట్టి కొలువవలెను. ఏడ్చుచు కాళ్లు ముడుచుకొను బిడ్డను ఒక్కతె కొలువజాలదు, ఇద్దరు పట్టవలసినదే.

వీటన్నింటి కంటె చిక్కు వయస్సుతో వచ్చును. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2006లో వెలువరించిన పెరుగుదల ప్రమాణములనే మన అంగన్వాడీలలో పాటించుచున్నారు. వాటి ప్రకారము మగబిడ్డ 14 నెలల వయస్సున 8.1 కిలోల కంటె తక్కువ తూగినను, 18 నెలల వయస్సున 8.8 కిలోల కంటె తక్కువ తూగినను బరువు చాలని బిడ్డగా లెక్క. ఇపుడు 8.4 కిలోలు తూగు పిల్లవాడొకడు వచ్చినాడనుకొందము. పుట్టినతేదీ కాగితము ఇంట లేదు. సంక్రాంతికి ముందు పుట్టినాడా, ఉగాది దాటిన పిమ్మటనా యని తల్లి తడుముకొనుచున్నది. వాడు 14 నెలలవాడని వ్రాసిన యెడల కార్డులోని చుక్క పచ్చరంగులో పడును. 18 నెలలవాడని వ్రాసిన యెడల పసుపురంగులోనికి దిగును. బిడ్డ అదే, త్రాసు అదే. పచ్చరంగున పడినవానిని గూర్చి ఆ నెలలో ఎవరును మరల విచారింపరు.

మోసపుచ్చు తూకము మరియొకటి కలదు. తీవ్రమైన పోషకాహారలోపము గల కొందరు బిడ్డలకు పాదములు నీరుపట్టును. నీరు కూడ తూగును గనుక త్రాసు వారిని బాగున్నట్లే చూపును. ఇంట అమ్మమ్మ కూడ ‘పిల్ల ఒళ్లు చేసినది’ అని సంతోషించును. పని నేర్చిన సూపర్వైజరు రెండు పాదములపైన బొటనవ్రేలితో మూడు సెకండ్లపాటు అదిమి చూచును. వ్రేలు తీసిన పిమ్మట గుంట నిలిచియున్న యెడల ఆ బిడ్డను ఆ దినమే ఆసుపత్రికి పంపవలెను. అట్లే చేతి దండ చుట్టుకొలత 11.5 సెంటీమీటరులకు తగ్గిన బిడ్డ కూడ తీవ్రలోపము గలదియే. ఒక రంగుల పట్టీ, ఒక బొటనవ్రేలు. ఖరీదు లేని ఈ రెండును సమయమునకు ఉపయోగపడిన, పెక్కు బిడ్డలు దక్కుదురు.

కేంద్రమునకు వచ్చిన సూపర్వైజరు మొదట పుస్తకము చూచును. 2021 తరువాత పోషణ్ ట్రాకరు వచ్చినందున ఇపుడు ఫోను చూచును. చూచుటలో తెలివి కలదు. ఒకే బిడ్డకు మూడు నెలలు ఒకే బరువు. అందరు బిడ్డల బరువులును సరికిలోలుగానో, అరకిలోలుగానో ముగియుట. నెలనెలకు సరిగ్గా రెండువందల గ్రాములు చొప్పున మెట్లు కట్టినట్లు పెరుగుట. నిజమైన బిడ్డ లెవరును అట్లు పెరుగరు. జ్వరము వచ్చిన నెల తగ్గుదురు, మేనమామ యింటికి పోయివచ్చిన నెల పెరుగుదురు. అందమైన లెక్క కనబడిన చోటనే అనుమానింపవలెను. అటువంటి చోట నలుగురు బిడ్డలను ఎన్నుకొని తన యెదుట మరల తూపించిన చాలును, సంగతి తేలిపోవును.

తప్పులెక్కలు ఎందుకు వ్రాయుదురు? టీచరు సోమరియని తీర్మానించుట సులభము. మా అభిప్రాయము వేరు. తన కేంద్రమున బరువు చాలని పిల్లలు పెరిగినట్లు వ్రాసిన నెలలో టీచరును సెక్టారు సమావేశమున నిలువబెట్టి సంజాయిషీ యడిగిన యెడల, మరునెల ఆ సంఖ్య తప్పక తగ్గును. బిడ్డలు మాత్రము అంతే యుందురు. ఈ అబద్ధము క్రింద పుట్టినది కాదు, పైనుండి దిగినది. టీచరుకు వచ్చునది జీతము కాదు, గౌరవవేతనము. 2023 డిసెంబరు మొదలు 2024 జనవరి వరకు ఆంధ్రప్రదేశములో అంగన్వాడీ ఉద్యోగినులు 42 దినములు సమ్మె చేసిరి. కనీస వేతనము, గ్రాట్యుటీ వారి కోరికలలోనివి. వంట, ఆటపాటలు, ఇంటింటి సందర్శనము, ఫోనులో నమోదు, టీకాల దినమున పిల్లలను పోగుచేయుట, ఇన్ని పనుల నడుమ నున్న మనిషిని దోషిగా చూచు కన్నుతో పోయినవారికి నిజము దొరకదు.

మంచి సూపర్వైజరు అడుగు ప్రశ్నయే వేరుగా నుండును. ‘సంఖ్య ఎందుకు పెరిగినది?’ అని ఆమె అడుగదు. ‘టీచరమ్మా, చెరువుగట్టు ఇంటి పాప క్రిందటి నెల కంటె తగ్గినది, ఇంట నేమైన జరిగినదా? పదండి, ఇద్దరము పోయి చూతము’ అనును. పోయిన చోట సంగతి బయటపడును. తల్లి మిరపకోతకు తెల్లవారుజామున పోవుచున్నది. పాపకు అన్నము పెట్టునది ఆరేండ్ల అక్క. లేక తెలంగాణములో ఒక్క బిడ్డకని నెలకిచ్చు రెండున్నర కిలోల బాలామృతము పొట్లము ఇంటనున్న పిల్లలందరికిని పంచబడి పదిదినములలో ముగిసినది. దీనికి తల్లిని కోపపడి ప్రయోజనము లేదు. నలుగురు పిల్లలలో ఒక్కదానికి మాత్రమే పెట్టుమనుట ఏ తల్లికి చేతనగును? ఆ పాపను పగలు కేంద్రముననే కూర్చుండబెట్టి తినిపించు ఏర్పాటు చేయవలెను, అక్కను బడిలో చేర్పించవలెను. ఆరునెలలు నిండిన ఆరేండ్ల లోపు బిడ్డకు దినమునకు 500 కాలరీలు, 12 నుండి 15 గ్రాముల మాంసకృత్తులు, పోషకాహారలోపము గల బిడ్డకు 800 కాలరీలు అందవలెనని 2013లో ఆహారభద్రతా చట్టము వచ్చినపుడు అందు వ్రాసిరి. ఆ కాలరీలు కడుపులోనికి పోవు దారిని వెదకుటయే సూపర్వైజరు పని.

ఇక విధాననిర్ణయము మాట. తూకముల లెక్కలకు తోడుగా ప్రభుత్వము కుటుంబ ఆరోగ్య సర్వేలను వేరుగా జరిపించును. 2019-21 సర్వే ప్రకారము దేశమున ఐదేండ్ల లోపు బిడ్డలలో నూటికి 35.5 మంది వయస్సుకు తగిన ఎత్తు లేనివారు, ఆంధ్రప్రదేశమున 31.2, తెలంగాణమున 33.1. ఢిల్లీలోనో రాజధానిలోనో విధానము వ్రాయువాని బల్లపై ఈ సర్వే యొకవైపు, అంగన్వాడీ లెక్క యొకవైపు ఉండును. రెండింటికి పొత్తు కుదరనప్పుడు అతడు దేనిని నమ్మవలెను? సర్వే సరియైనదే కావచ్చును గాని, అది ఏ ఊరి ఏ బిడ్డ యని చెప్పదు. ఆ సంగతి అంగన్వాడీ లెక్క మాత్రమే చెప్పగలదు. అది పచ్చరంగు పూసినదైన యెడల గ్రుడ్లు, పాలు, అదనపు సిబ్బంది ఎక్కడ కావలెనో తెలియక అన్ని చోట్లకు సమానముగా పంచుదురు. ఎక్కువ అవసరమున్న చోటనే తక్కువ పడును.

క్రింద పని చేసి పైకి పోయినవారి విధానము వేరుగా నుండును. నెల్లూరున జన్మించిన శాంతా సిన్హా గారు రంగారెడ్డి జిల్లా గ్రామములలో మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషను ద్వారా పనిలో మగ్గు పిల్లలను బడికి చేర్చుటలో ఏండ్లు గడపిరి. 2003లో మెగసెసే బహుమతి నందుకొనిరి. 2007లో జాతీయ బాలల హక్కుల పరిరక్షణ సంఘమునకు మొదటి అధ్యక్షురాలైరి. 2009 నాటి నిర్బంధ విద్యాహక్కు చట్టము అమలును గమనించు బాధ్యత ఆ సంఘమునకే వచ్చినది.

శాఖలో రెండవ పాయ బాలల రక్షణ. తప్పిపోయిన, విడువబడిన, హింసకు గురియైన బిడ్డను గూర్చి 1098 సంఖ్యకు ఎవరైనను తెలుపవచ్చును. 2015 నాటి బాలల న్యాయచట్టము ప్రకారము అట్టి బిడ్డను ప్రయాణకాలము మినహా 24 గంటలలో జిల్లా బాలల సంక్షేమ సమితి యెదుట నిలుపవలెను. సమితిలో అధ్యక్షునితో పాటు నలుగురు సభ్యులు. వారికి సాంఘికసేవ, మనస్తత్వశాస్త్రము, న్యాయము వంటి విద్యలలో పట్టమును, దానితో పాటు పిల్లల ఆరోగ్యము, విద్య, సంక్షేమములలో ఏడేండ్ల అనుభవమో, ఆ విద్యకు సంబంధించిన వృత్తియో ఉండవలెను. నేరారోపణ గల బాలుర విషయము బాలల న్యాయమండలికి పోవును. అచట మెజిస్ట్రేటు ప్రక్కన ఇద్దరు సాంఘిక సేవకులు కూర్చుందురు. వారిలో ఒకరు స్త్రీ కావలెను. బాలుని యింటి స్థితిగతులు విచారించి నివేదిక వ్రాయునది ప్రొబేషను అధికారి. ఈ పాయలో పురుషులకును చోటున్నది. జిల్లా బాలల రక్షణ విభాగములోని కొలువులు మాత్రము చాలవరకు కాంట్రాక్టువి. ఈ సంగతి ముందుగా తెలిసికొని చేరుట మేలు.

సూపర్వైజరు కొలువులు మన రెండు రాష్ట్రములలోను స్త్రీలకే. గృహవిజ్ఞానము, సాంఘికసేవ, సమాజశాస్త్రము, పోషకాహారశాస్త్రము వంటి విషయములలో పట్టము ఉపయోగపడును. ప్రతి ప్రకటనలో అర్హతల పట్టికను స్వయముగా చదువుకొనవలెను. కొన్ని కొలువులు అనుభవము గల అంగన్వాడీ టీచరులకు పదోన్నతిగా లభించును. మా యెరుకలో నున్నంతవరకు తూకము విషయమున వీరి కన్ను తప్పుట తక్కువ. ఎక్కడ ఎట్లు వ్రాయుదురో తామే యెరుగుదురు గదా!

అంగన్వాడీలలో నెలకొకమారు తూకముల దినము జరుగును. ఈ ఉద్యోగమునకు దరఖాస్తు పెట్టదలచిన అమ్మాయి ముందుగా ఆ దినమున తన వీధి కేంద్రమునకు పోయి, టీచరుతో చెప్పి, త్రాసు ప్రక్కన ఒక పూట కూర్చుండుట మంచిది. పదిమంది బిడ్డలు ఏడ్చి తూగి దిగునప్పటికి ఈ పని తనకు సరిపడునో లేదో ఆమెకే తెలియును.