మన తప్పు మన కంటికి ఆనదెందుకు?

ఏమర్రా, పరీక్షలో మీ పేపరు మీరే దిద్దుకుంటే అన్నీ ఒప్పులే కనిపిస్తాయి కదూ! అదే పక్కవాడి పేపరు చేతికిస్తే మొదటి లైనులోనే తప్పు పట్టేస్తారు. మహామహా నవలాకారులకూ ఇదే చిక్కు.

లోపం కళ్లది కాదు, వాటి వెనకున్న మెదడుది. చదివేటప్పుడు చూపు గీత గీసినట్టు సాగదు, గెంతుతూ పోతుంది. ఒక్కోచోట సుమారు పావు సెకను ఆగుతుంది, మళ్లీ గెంతుతుంది. మధ్యలో సరిగా అందనిదాన్ని మెదడు ఊహించి పూరించేస్తుంది. ‘విశాపట్నం రైలెక్కాం’ అని రాసి ఇంట్లోవాళ్లచేత చదివించి చూడండి. ‘ఖ’ లేదని గమనించకుండా చదివేసేవాళ్లు తప్పక తగులుతారు. ఇక సొంత రాత సంగతి చెప్పాలా? రాయాలనుకున్నదంతా ముందే బుర్రలో ఉంది కనక, కాగితం వదిలేసి బుర్రనే చదువుకుంటాం. మన వంటింటి ఇంగువ వాసన మనకు తెలియదు, వచ్చిన చుట్టానికి గడపలోనే తెలుస్తుంది.

అందుకే రచయితలు తమ ఇంటికి తామే చుట్టాలుగా వెళ్లే దారులు వెతుక్కున్నారు. టాల్‌స్టాయ్‌నే తీసుకోండి. 1860లలో ‘యుద్ధము-శాంతి’ రాస్తున్నప్పుడు ఆయన చిత్తుప్రతి నిండా కొట్టివేతలు, పంక్తుల మధ్య ఇరికించిన మాటలు, అంచుల్లోకి పాకిన వాక్యాలు. భార్య సోఫియా ఓపిగ్గా దాన్నంతా విప్పుకుని శుద్ధప్రతి రాసేది. ఆయన దానిమీద మళ్లీ కలం పెట్టేవాడు, ఆవిడ మళ్లీ రాసేది. ప్రెస్సునుంచి ప్రూఫులొచ్చాక కూడా దిద్దుబాట్లు ఆగేవి కావు. ముందు దస్తూరీ మారింది, తర్వాత అచ్చక్షరాలయ్యాయి. రూపు మారినప్పుడల్లా పాత వాక్యం కొత్తగా కనిపిస్తుంది మరి!

స్టీఫెన్ కింగ్ నమ్ముకున్నది కాలాన్ని. చిత్తుప్రతి పూర్తికాగానే కనీసం ఆరు వారాలు సొరుగులో పడేయమంటాడు, రెండో ప్రతిలో పదోవంతు కోసేయమంటాడు. హెమింగ్వే అయితే ‘ఎ ఫేర్‌వెల్ టు ఆర్మ్స్’ చివరి పేజీని 39 సార్లు తిరగరాశానని తనే చెప్పుకున్నాడు.

మరి ఏకధాటిగా రాసేవాళ్లో? విశ్వనాథ సత్యనారాయణగారు 1934లో ‘వేయిపడగలు’ను 29 రోజుల్లో ఆశువుగా చెబుతూ పోతే తమ్ముడు వెంకటేశ్వర్లుగారు రాసిపెట్టారు. 1951లో అమెరికాలో జాక్ కెరువాక్, కాగితం మార్చడానికి కూడా ఆగకూడదని, సుమారు 120 అడుగుల కాగితపు చుట్ట మీద ‘ఆన్ ద రోడ్’ను మూడు వారాల్లో టైపు చేసేశాడు. అది పుస్తకమయ్యేసరికి, మధ్యలో దిద్దుబాట్లతో సహా, 1957 వచ్చింది. ఈ వేగంలోనూ ఒక కిటుకుంది. అప్పటికప్పుడు గుర్తుంచుకోవడానికి మెదడులో ఉన్న చోటు చాలా ఇరుకు. కథ అల్లే పనీ, తప్పులెన్నే పనీ ఒకేసారి అక్కడ కూర్చోబెడితే రెండూ ఇబ్బంది పడతాయి.

కాబట్టి మీరు రాసేటప్పుడు రాసుకుంటూ పొండి. నాలుగు రోజులాగి, గట్టిగా పైకి చదవండి. కళ్లకొచ్చినన్ని గెంతులు నోటికి రావు. నాలుక తడబడ్డ చోటల్లా పెన్సిలుతో గీత పెట్టండి. నవలైనా, సెలవుచీటీ అయినా మందు ఇదే.