పునాదికి ముందు పరీక్ష

పాత కట్టడములను తొలగించి క్రొత్తవి నిర్మించునపుడు పునాదులకై నేలను లోతుగా త్రవ్వుదురు. ఆ నేలలో పూర్వుల గోడలు, పాత్రలు, నాణెములు ఉండవచ్చును. యంత్రములు ఒకసారి పెకలించిన మట్టిపొరలను మరల యథాతథముగా పేర్చుట ఎవ్వరికిని సాధ్యము కాదు. కావున నిర్మాణమునకు ముందే పురావస్తు శాస్త్రజ్ఞులు పరీక్షా కందకములు త్రవ్వుదురు.

అన్నము ఉడికినదో లేదో తెలియుటకు ఒక మెతుకు చాలును. కాని నేల అంతటను ఒకే తీరున నుండదు. అందుచే సన్నని, పొడవైన కందకములను స్థలమునందు పలుచోట్ల తీసి, పొరవెంట పొరను తొలగించుచు పరిశీలింతురు. సాధారణముగా పైపొర కంటె క్రిందిపొర ప్రాచీనము. కనబడిన ప్రతిదానిని కొలిచి, చిత్రించి, వ్రాసికొందురు. ఏమియు దొరకనిచో నిర్మాణము సాగును. విలువైనవి బయటపడినచో పూర్తిగా త్రవ్వుటయో, పునాదులను మార్చుటయో నిర్ణయింతురు.

రెండవ ప్రపంచ సంగ్రామమున బాంబుల వలన లండన్ నగరమున అనేక భవనములు కూలిపోయెను. అట్టి ఒక స్థలమున పెద్ద భవనము కట్టుటకు ముందు, గ్రైమ్స్ అను శాస్త్రజ్ఞుడు 1952లో త్రవ్వకము ప్రారంభించెను. అచ్చట పూడిపోయిన వాల్‌బ్రూక్ అను వాగు జాడ తెలిసికొనుట అతని ఉద్దేశము. కాని కందకములో రోమనుల కాలపు గోడలు కానవచ్చెను. గడువు ముగియు దినమున, అనగా 1954 సెప్టెంబరు 18న, మిత్రస్ దేవుని పాలరాతి శిరస్సు దొరకెను. అది రోమనులు మూడవ శతాబ్దమున కట్టిన మిత్రస్ ఆలయమని తేలెను. దానిని చూచుటకు వేలకొలది జనులు బారులు తీరిరి.

అయినను భవన నిర్మాణము ఆగలేదు. ఆలయపు రాళ్లను తొలగించి, 1962లో సమీపముననే వేరొకచోట పేర్చిరి. ఆ కూర్పు మూలమునకు సరిగా పోలలేదు. తరువాత ఆ భవనమును గూడ తొలగించి, 2010 మొదలు 2014 వరకు మరల త్రవ్విరి. గాలి చొరని తడిబురదలో వ్రాత పలకలు నాలుగు వందలకు పైగా చెడక నిలిచియుండెను. వానిలో ఒకటి క్రీ. శ. 57 జనవరి 8వ తేదీన వ్రాసిన అప్పుపత్రము.

1954 నాటి చిత్రములను, కొలతలను ఆధారముగా గొని, 2017లో ఆలయమును మూలస్థానమునకు చేరువగా, నేల అడుగున తిరిగి నెలకొల్పిరి. త్రవ్విన మట్టి మరల రాదు. శ్రద్ధగా వ్రాసియుంచిన వ్రాతలే భావితరములకు మిగులును.