పికప్‌కి ‘పికప్‌’ పెంచాలంటే..

‘‘బండి లాగట్లేదు, కొంచెం పికప్‌ పెంచండి!’’ డీజిల్‌ పికప్‌ యజమానులు గ్యారేజీలో తరచూ అడిగే మాట ఇది. ఏ పార్టు మార్చాలో చెప్పేవాళ్లు చాలామందే దొరుకుతారు. అసలు ఎందుకు లాగట్లేదో కనిపెట్టేవాళ్లే తక్కువ. ఐటీఐ, డిప్లొమా, మెకానికల్‌ బీటెక్‌ విద్యార్థులకు అవకాశం ఉన్నది అక్కడే.

గాలి.. ఇంధనం.. వేడి
డీజిల్‌ ఇంజిన్‌లో స్పార్క్‌ ప్లగ్‌ ఉండదు. గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడికే ఇంధనం మండుతుంది. శక్తి పెరగాలంటే ఎక్కువ గాలి, దానికి తగ్గ ఇంధనం కావాలి. గాలిని టర్బో నెడుతుంది, ఇంటర్‌కూలర్‌ చల్లబరుస్తుంది. ఇంధనం ఎప్పుడు, ఎంత వెళ్లాలో ఈసీయూ నిర్ణయిస్తుంది. గాలి పెంచకుండా ఇంధనమే పెంచితే నల్లపొగ వస్తుంది, ఎగ్జాస్ట్‌ వేడెక్కుతుంది. చివరికి టర్బో, పిస్టన్లు దెబ్బతింటాయి.

శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు వీ-క్రాస్‌నే చూడండి. పాత 2.5 లీటర్ల ఇంజిన్‌ 100 కిలోవాట్లు, 320 న్యూటన్‌ మీటర్ల టార్క్‌ ఇచ్చేది. తర్వాత వచ్చిన 1.9 లీటర్ల ఇంజిన్‌ ఇచ్చేది 120 కిలోవాట్లు, 360 న్యూటన్‌ మీటర్లు. సైజు తగ్గినా బలం పెరిగింది. ఒక్క పార్టుతో కాదు, అన్నీ కలిపి డిజైన్‌ చేస్తేనే ఇది సాధ్యం.

ముందు చెకప్‌
అప్‌గ్రేడ్‌ కన్నా ముందు పోయిన శక్తిని వెనక్కి తేవాలి. ఎయిర్‌, డీజిల్‌ ఫిల్టర్లు మూసుకుపోయాయా? ఇంటర్‌కూలర్‌ పైపు లీకవుతోందా? క్లచ్‌ స్లిప్పవుతోందా? బ్రేకులు పట్టేస్తున్నాయా? స్కానర్‌ పెట్టి, ఉండాల్సిన రైల్‌ ప్రెజర్‌, బూస్ట్‌ ఎంతో, నిజంగా ఉన్నది ఎంతో పోల్చాలి. చాలాసార్లు జవాబు ఇక్కడే దొరుకుతుంది.

గీత దాటొద్దు
బీఎస్‌-6 బండ్లలో డీపీఎఫ్‌, ఈజీఆర్‌ తీసేసి పవర్‌ పెంచుతామనేవాళ్లు ఉంటారు. ఆ పని జోలికి వెళ్లకండి. మోటారు వాహనాల చట్టం సెక్షన్‌ 52 మార్పులకు హద్దులు పెట్టింది. అనుమతి లేని ఒక్కో మార్పుకు యజమానికి రూ.5 వేల జరిమానా, 6 నెలల వరకు జైలు పడొచ్చు. వారంటీ కూడా చిక్కుల్లో పడుతుంది. అమెరికాలో ర్యామ్‌ పికప్‌ల ఇంజిన్లలో కాలుష్య నియంత్రణను ఏమార్చే సాఫ్ట్‌వేర్‌ పెట్టారన్న కేసులో కమిన్స్‌ సంస్థ 167.5 కోట్ల డాలర్ల పెనాల్టీకి 2023లో ఒప్పుకొంది. పెద్ద కంపెనీలకే తప్పలేదు మరి!

కొలువు ఎక్కడ?
పదో తరగతితో ఐటీఐలో ఏడాది మెకానిక్‌ డీజిల్‌ ట్రేడ్‌ చేస్తే సర్వీస్‌ సెంటర్లలో చేరొచ్చు. డిప్లొమా వాళ్లు ఇంజిన్‌ టెస్టింగ్‌ వైపు, బీటెక్‌ వాళ్లు ఈసీయూ క్యాలిబ్రేషన్‌ వైపు వెళ్లొచ్చు. క్యాలిబ్రేషన్‌కి మ్యాట్‌ల్యాబ్‌, క్యాన్‌ కమ్యూనికేషన్‌ మీద పట్టుండాలి. శక్తి, మైలేజీ, పొగ.. మూడింటినీ చట్టం హద్దుల్లో సరితూచడమే ఆ ఉద్యోగం.

ఈలోగా ఓ చిన్న ప్రాజెక్టు చేయండి. తెలిసినవాళ్ల పికప్‌కు ఓబీడీ స్కానర్‌ పెట్టి, సర్వీసింగ్‌కు ముందు, తర్వాత అదే రోడ్డు మీద, అదే లోడుతో రీడింగులు తీయండి. ఏం మారింది, ఎందుకు మారింది ఒక పేజీలో రాసి రెజ్యూమెకు జత చేయండి. ఇంటర్వ్యూలో మాట్లాడటానికి అదే మీ బలం.