అప్పు నాన్నది.. బరువు పిల్లవాడిది
మార్కుల వేటలో నలిగిపోతున్న డెల్టా పల్లెల పిల్లలు

విజయవాడ: ఆదివారం వచ్చిందంటే ఉయ్యూరు, గుడివాడ, అవనిగడ్డ వైపు నుంచి వచ్చే బస్సుల్లో క్యారియర్లు కనిపిస్తాయి. పోరంకి, నిడమానూరు, గూడవల్లి పరిసరాల్లోని హాస్టళ్లలో ఇంటర్ చదివే పిల్లలకు తల్లులు తీసుకెళ్లే పులిహోర, గోంగూర పచ్చడి, సున్నుండలు వాటిలో ఉంటాయి. గేటు దగ్గర పిల్లవాణ్ణి చూడగానే తల్లి ‘చిక్కిపోయావేంరా’ అంటుంది. తండ్రి మాత్రం ‘వారం పరీక్షలో ఎన్నొచ్చాయి?’ అని అడుగుతాడు. క్యారియర్ మూత తీయకముందే పిల్లవాడి ముఖం వాడిపోతుంది.

ఆ తండ్రిని తప్పుపట్టడం తేలిక. కానీ ఎకరం, రెండెకరాల ఆసామికి ఫీజు కట్టడం మాటలు కాదు. సార్వా ధాన్యం డబ్బు, ఆపైన మినుముల డబ్బు కాలేజీకే పోతాయి. అవి చాలకపోతే ఇంట్లో బంగారం తాకట్టుకు వెళుతుంది. కౌలు రైతుకైతే వడ్డీ అప్పే గతి. ఇంత చేశాక ‘నీ కోసమే గొలుసు కుదువ పెట్టాం’ అనే మాట ఏదో ఒక రోజు నోరు జారుతుంది. అప్పు చేసింది పెద్దవాళ్లు. దాన్ని మార్కులతో తీర్చాల్సింది మాత్రం పదహారేళ్ల పిల్లవాడు.

ర్యాంకు మోజు ఎలా వచ్చింది?

1855లో కృష్ణ ఆనకట్ట పూర్తయ్యాక డెల్టాలో పంటలు పెరిగాయి. చేతిలో నాలుగు డబ్బులు ఆడిన కుటుంబాలు పిల్లల్ని బడికి పంపాయి. విజయవాడలో 1937లో ఎస్సారార్ కాలేజీ, 1953లో లయోలా కాలేజీ వచ్చాయి. 1977లో కానూరులో ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీ ప్రారంభమైంది.

1983లో రాష్ట్ర ప్రభుత్వం చట్టం చేసి క్యాపిటేషన్ ఫీజును నిషేధించింది. ప్రవేశ పరీక్షలో ర్యాంకు వస్తే పేద రైతు బిడ్డకూ సీటు దక్కే వీలు కలిగింది. అది మంచిదే. అయితే ర్యాంకే తాళంచెవి కావడంతో, డబ్బు ఆ ర్యాంకు కోసం కోచింగ్ వైపు మళ్లింది. తెల్లవారుజామున మొదలై రాత్రి పొద్దుపోయే దాకా సాగే చదువులు, వారం వారం పరీక్షలు, మార్కులను బట్టి సెక్షన్లు అలా వచ్చినవే.

కమిటీలు వచ్చాయి, వెళ్లాయి

రెసిడెన్షియల్ కాలేజీల్లో విద్యార్థుల ఆత్మహత్యలపై 2001లో నీరదారెడ్డి కమిటీ, 2017లో చక్రపాణి కమిటీ పరిశీలన జరిపాయి. ఆ తరువాతా మరణాలు ఆగలేదు. 2019లో తెలంగాణ ఇంటర్ ఫలితాల తరువాత ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు.

2023లో విశాఖపట్నంలో నీట్‌కు చదువుతున్న బాలిక మరణించిన కేసులో సుప్రీంకోర్టు 2025 జూలైలో మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న సంస్థలో కనీసం ఒక కౌన్సెలర్ ఉండాలి. మార్కులను బట్టి బ్యాచ్‌లుగా విడదీయడం, నలుగురిలో అవమానించడం వీలైనంత వరకు మానాలి. తల్లిదండ్రులు మితిమీరిన ఒత్తిడి పెట్టకుండా వారికీ అవగాహన కల్పించాలి. ఫీజు కట్టే ముందు కౌన్సెలర్ ఎవరని, సెక్షన్లు ఎలా విడదీస్తారని అడిగే హక్కు ప్రతి తండ్రికీ ఉంది.

ఏ మార్కు దేనికి?

పదో తరగతి మార్కులు నూజివీడు ట్రిపుల్ ఐటీ సీటుకు అవసరం. నిజమే. కానీ డాక్టరు సీటుకు నీట్ ర్యాంకే లెక్క. ఇంటర్‌లో నిర్ణీత అర్హత మార్కులు వస్తే చాలు. జేఈఈ మెయిన్ ర్యాంకులో ఇంటర్ మార్కులు కలపడం 2017 నుంచి లేదు. మన రాష్ట్ర ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్షలో ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ ఉంది. ఇవేవీ తెలియకుండా పక్కింటి పిల్లకు వచ్చిన మార్కులతో పోల్చి సాధించడం వల్ల ఒరిగేది ఏమీ లేదు.

ఇంటర్ తప్పినా ఏడాది పోదు. ఫలితాలు వచ్చిన కొద్ది వారాలకే అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ పరీక్షలు జరుగుతాయి. మార్కులు తగ్గాయనుకుంటే రీకౌంటింగ్‌కు, రీవెరిఫికేషన్‌కు దరఖాస్తు చేసుకోవచ్చు. సార్వా పోతే దాళ్వా చూసుకుందామనుకునే రైతుకు ఇది తెలియని ధైర్యం కాదు. ఆ ధైర్యం పిల్లలకు కూడా చెప్పాలి. ఫలితాలు వచ్చాక కాదు, రాకముందే చెప్పాలి.

ఈ మాటలు తోసిపుచ్చవద్దు

పిల్లవాడు అన్నం సరిగా తినకపోయినా, నిద్ర పట్టడం లేదన్నా, ఫోనులో ముక్తసరిగా మాట్లాడినా గమనించాలి. ‘ఇంటికి వచ్చేస్తా నాన్నా’ అన్నప్పుడు ‘కట్టిన ఫీజు ఏం కావాలి’ అనవద్దు. ఆ పూటే బస్సెక్కి వెళ్లాలి. నాలుగు రోజులు ఇంటికి తెచ్చుకుంటే పోయేదేమీ లేదు. ఎవరికి చెప్పుకోవాలో తెలియని పిల్లలు, పెద్దలు 14416 నంబరుకు ఫోను చేయవచ్చు. టెలి మానస్ పేరుతో కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన ఈ సర్వీసులో రాత్రింబవళ్లు తెలుగులో మాట్లాడతారు. ఫోనుకు డబ్బు ఖర్చు కాదు.